ఓలి నుంచి హామీపత్రం దాకా

పెళ్ళాడిన మనిషిని తన గూటికి తెచ్చుకోవాలంటే ఎంత సొమ్ము చూపించాలి? ఈ ప్రశ్నకు తూర్పు కనుమల్లో ఒక జవాబు ఉంది. వాషింగ్టన్‌లో ఒకటి, లండన్‌లో ఒకటి, కువైట్‌లో మరొకటి ఉన్నాయి. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు అరకు, డుంబ్రిగూడ, హుకుంపేట ప్రాంతాల్లో తిరిగిన నేను మొదటి జవాబును అక్కడి పెద్దల నోట విన్నాను. తక్కినవి సముద్రాలు దాటిన బంధుమిత్రుల వీసా కాగితాలు సరిచూసిపెట్టే పనిలో చదువుకొన్నవి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న కోరికే ఈ టపాకు మూలం.

ముందు కొండ సంగతి. భగత, కొండదొర, కోటియ, పోర్జ, గదబ మొదలైన తెగల్లో వరుని వైపువారు వధువు ఇంటికి ఓలి చెల్లించడం పాత ఆచారం. మైదానంలో మనం చూసే కట్నానికి ఇది తలకిందులు. ఇక్కడ సొమ్ము మగవాడి ఇంటినుండి కదులుతుంది. దీనికి కారణం సులువుగానే బోధపడుతుంది. పోడులో విత్తు చల్లేది, కలుపు తీసేది, సంతకు బరువు మోసేది ఆడమనిషి. ఆమె వెళ్ళిపోతే ఆ ఇంటికి రెండు చేతులు తగ్గుతాయి. ఆ లోటుకు పరిహారమే ఓలి. అది నగదే కానక్కరలేదు. చోళ్ళు, సామలు, మేకలు, పెళ్ళికూతురి తల్లికి ఒక కోక, ఊరందరికీ కల్లు, ఇవన్నీ ఓలిలో భాగాలే.

ఇంతకంటే నన్ను ఆకట్టుకొన్నది ఓలిలోని వెసులుబాటు. ఇచ్చుకోలేని కుర్రవాడు మామగారింట కొన్నేళ్ళు పనిచేసి ఆ బాకీ తీర్చుకోవచ్చు. ఇద్దరూ ఇష్టపడి ముందే లేచిపోతే కులపెద్దలు కూర్చొని తప్పు వేస్తారు, ఓలి ఎంతో తేలుస్తారు. ఆ తీర్పు వెలువడేనాటికి వాళ్ళు ఒకే కప్పు కింద ఉంటారు. అంటే బాకీ తీరడానికి ఏళ్ళు పట్టినా కాపురం మాత్రం ఆగదు. బాకీ పంచుకోవడానికి అన్నదమ్ములు, మేనమామలు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఉంటారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, జయపురం ఎస్టేటుతో కోరాపుట్ ప్రాంతం అటు చేరింది. ఒకే తెగ రెండు రాష్ట్రాల్లోకి చీలిపోయింది. అయినా కొండమీది సంబంధాలు ఆ గీతను లెక్కచేయలేదు. అరకు వైపు పిల్ల కోరాపుట్ వైపు కాపురానికి వెళ్ళడానికి నేటికీ ఏ కచేరీ అనుమతీ అక్కరలేదు.

ఇదంతా చెప్పి ఊరుకొంటే కొండను అద్దంలో బొమ్మలా చూపించినట్లవుతుంది. ఓలికి చీకటి ముఖం కూడా ఉంది. పనిచేసి తీర్చే వ్యవధి లేక, చుట్టాల వద్ద ధాన్యం లేక, కుర్రవాడు షావుకారు గుమ్మం తొక్కేవాడు. తెచ్చిన అప్పుకు తానే తాకట్టు. అసలు కదలదు, వడ్డీ కింద ఒళ్ళు వంచాలి. ఈ ఏర్పాటుకు అక్కడి పేరు గోతి. అది ఒడియా వైపు మాటే అయినా, తెలుగువాడికి స్ఫురించే అర్థం కూడా దానికి సరిగ్గానే సరిపోతుంది. పెళ్ళి ఖర్చు ఒక్కటే మనుషుల్ని గోతిలోకి తోయలేదు. జరిమానాలు, కరువులు, సారా బాకీలు కూడా తోశాయి. కాని ఒక ఇల్లాలిని తెచ్చుకోవడానికి చేసిన అప్పు కోసం ఆ ఇల్లాలితో సహా జీవితకాలం చాకిరీ చేసినవారు ఆ కొండల్లో తక్కువమంది కారు. ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ ఋణదాస్యాన్ని రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం 1940లో రెగ్యులేషను తెచ్చింది. ఒరిస్సా 1948లో తెచ్చింది. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976 నాటిది. కాపురానికి డబ్బు గోడ కడితే దాన్ని దాటడానికి మనిషి తన్ను తాను అమ్ముకొనే దాకా వెళ్తాడని ఈ చరిత్ర మనకు ముందే చెప్పింది.

ఇక ఈ కొండల కిందనుండే బయలుదేరిన మరొక కథ. 1860 నవంబరు 16న మద్రాసునుండి కూలీలతో వెళ్ళిన ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. ఆ తరువాత 1911 వరకు నేటాల్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలు వెళ్తూనే ఉన్నారు. వారిలో విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఒప్పందం ముగిశాక వీళ్ళు తిరిగి కూలీలుగా చేరకుండా, స్వదేశానికీ పోకుండా అక్కడే స్థిరపడితే ఎలాగన్నది తెల్లదొరల బెంగ. 1895 చట్టంతో అలా ఉండిపోయేవారిపై సాలుకు తలకు 3 పౌండ్ల పన్ను వేశారు. తొలుత అనుకొన్నది 25 పౌండ్లట. వైస్రాయి ఎల్గిన్ ఒప్పుకోకపోవడంతో అది మూడుకు దిగింది. ఒప్పందపు కూలీ జీతం నెలకు 10 షిల్లింగులతో మొదలై అయిదో ఏటికి 14 షిల్లింగులకు చేరేది. భార్యకూ పన్నే. 1903లో దీన్ని పదహారేళ్ళు దాటిన మగపిల్లలకు, పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లలకు కూడా విస్తరించారు. ఆలుమగలు, ఎదిగిన ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఏటా 12 పౌండ్లు. నెలకు 14 షిల్లింగులు తెచ్చే మనిషి ఏడాదంతా కష్టించినా చేతికొచ్చేది 8 పౌండ్ల 8 షిల్లింగులే! ఆ పన్ను ఉద్దేశం ఆదాయం కాదు, సంసారాలను అక్కడ వేళ్ళూననీయకపోవడం. దానికి తోడు 1913 మార్చిలో న్యాయమూర్తి సెర్ల్ ఇచ్చిన తీర్పుతో, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళకు చట్టం దృష్టిలో విలువ లేకుండా పోయింది. ఆ ఏటి సత్యాగ్రహంలో స్త్రీలు జైళ్ళకు వెళ్ళారు, గనుల్లో, తోటల్లో సమ్మె సాగింది. 1914లో వచ్చిన చట్టం పన్నును రద్దు చేసి, ఆ పెళ్ళిళ్ళను గుర్తించింది.

పన్ను వెళ్ళిపోయినా దాని వెనకనున్న భయం మాత్రం వెళ్ళిపోలేదు. వచ్చేవాడు మన ఖజానాకు బరువవుతాడేమోనన్నది ఆ భయం. అమెరికా దాన్ని 1882లోనే వలస చట్టంలోకి ఎక్కించింది. తన్ను తాను పోషించుకోలేక ప్రజల సొమ్ముపై పడే మనిషిని దిగనీయరాదన్నది నిబంధన. 1891లో దాన్ని ఇంకా సాగదీసి, అలా పడే అవకాశం ఉన్నవాడిని కూడా ఆపవచ్చునన్నారు. జరగనిదాన్ని ఊహించి తీర్పు చెప్పే అధికారం గుమాస్తా చేతికి వచ్చింది. దీనికి విరుగుడుగా, ఇతని పోషణ నాది అని అక్కడి బంధువు రాసిచ్చే పత్రం వాడుకలోకి వచ్చింది. అదే అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్. చాలాకాలం అది మాట సాయమే. 1950ల చివర్లో కొన్ని రాష్ట్రాల న్యాయస్థానాలు దీన్ని నైతిక బాధ్యతగానే చూశాయి, సొమ్ము రాబట్టడానికి పనికిరాదన్నాయి.

1996 సెప్టెంబరు 30న క్లింటన్ సంతకం చేసిన చట్టం ఆ మాటను ఒప్పందంగా మార్చింది. 1997 డిసెంబరు 19నుండి కొత్త హామీపత్రం తప్పనిసరి అయింది. భర్తనో భార్యనో పిలిపించుకొనేవారి ఆదాయం ప్రభుత్వ పేదరికపు రేఖకు 125 శాతం ఉండాలి. సైన్యంలో ఉన్నవారికి 100 శాతం చాలు. 2025 లెక్కన ఇద్దరున్న ఇంటికి ఆ రేఖ 21,150 డాలర్లు, కావలసిన ఆదాయం దాదాపు 26,437 డాలర్లు. ఈ హామీ విడాకులతో పోదు. వచ్చిన వ్యక్తి పౌరసత్వం పొందినా, నలభై త్రైమాసికాల పని లెక్కకు చేరినా, శాశ్వతంగా దేశం విడిచినా, ఇద్దరిలో ఎవరైనా మరణించినా మాత్రమే తీరుతుంది. దీనిలో ఒక మేలు ఉన్నదని ఒప్పుకోవాలి. వదిలివేయబడిన భార్య ఈ పత్రం పట్టుకొని కోర్టుకు వెళ్ళి పోషణ రాబట్టుకోవచ్చు.

ఇంతకీ ఆ పేదరికపు రేఖ ఎక్కడిది? 1960ల తొలి సంవత్సరాల్లో సోషల్ సెక్యూరిటీ శాఖలో పనిచేసిన మాలీ ఓర్షాన్‌స్కీ అనే ఆర్థికవేత్త గీసింది. కుటుంబాలు తమ ఆదాయంలో సుమారు మూడోవంతు తిండికి పెడుతున్నాయని 1955 నాటి సర్వే చెప్పింది. ఆమె అతి పొదుపు భోజనపు ఖర్చు తీసుకొని మూడుతో గుణించింది. పేదల్ని లెక్కపెట్టడానికి ఒక స్త్రీ వంటింటి ఖర్చుతో వేసిన ఆ లెక్క, ధరలకు తగ్గట్టు పెరుగుతూ వచ్చి, చివరకు ఆలుమగల మధ్య కొలబద్ద అయి కూర్చుంది.

బ్రిటన్‌లో లెక్క వేరు. 2012 జులై 9 దాకా, పన్నుపోగా ఏడాదికి సుమారు 5,500 పౌండ్లు మిగిలే జంట నెగ్గుకొచ్చేది. ఆ రోజునుండి 18,600 పౌండ్ల స్థూలాదాయం ఉండాలన్నారు. ప్రభుత్వ సహాయం అవసరపడని స్థాయి అదట. ఆ హద్దు పెడితే అప్పటి దరఖాస్తుదారుల్లో 45 శాతం మంది నిలవలేరని సలహా కమిటీ ముందే చెప్పింది. 2017 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు హద్దును తప్పుపట్టలేదు గాని, పిల్లల క్షేమాన్ని తగినంత పట్టించుకోలేదని ఆక్షేపించింది. 2024 ఏప్రిల్ 11న అది 29,000కు ఎగబాకింది. ఈసారి కొలత సహాయం అవసరం కాదు, నిపుణ ఉద్యోగాల జీతాల శ్రేణి. ఆదాయం బొత్తిగా లేనివారు నిలవ సొమ్ము చూపించాలంటే 88,500 పౌండ్లు ఆరు నెలలు ఖాతాలో కదలకుండా ఉండాలి. రావలసిన భార్య అక్కడికి వచ్చాక సంపాదించబోయేది మాత్రం లెక్కలోకి రాదు. కొండమీద ఓలి ఆమె రెండు చేతులకు విలువ కట్టింది. లండన్ కాగితం ఆ చేతులను సున్నాగా వేసింది.

ఉత్తరాంధ్రకు, గోదావరికి, కడపకు దగ్గరైన లెక్క కువైట్‌ది. అక్కడ భార్యను పిలిపించుకోవడానికి ఉండవలసిన నెల జీతాన్ని 2016లో 250 దినార్లనుండి 450కి పెంచారు, 2024 జనవరిలో 800 చేశారు. మన మేస్త్రీలు, డ్రైవర్లు ఆ దరిదాపులకు వెళ్ళరు. ఇళ్ళల్లో పనికి వెళ్ళిన స్త్రీలకైతే భర్తను పిలిపించుకొనే ప్రశ్నే లేదు. అటు పైన, అమెరికాలో ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు పొందే ఇంజనీరు తన భార్యను దరఖాస్తులోనే కలుపుకొంటాడు. సాధారణంగా ఈ హామీపత్రం అతన్ని అడగరు. గోడ ఎవరికి తగులుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మళ్ళీ అరకు వద్దాం. ఆదాయం చాలనివారు అమెరికా పత్రంలో ఆస్తి చూపవచ్చు. పిలిచేవారు పౌరులై, వచ్చేది భార్యో భర్తో అయితే లోటుకు మూడింతలు, తక్కిన సందర్భాల్లో సాధారణంగా అయిదింతలు చూపాలి. వచ్చేవారి ఆస్తి కూడా చెల్లుతుంది. కాని ఒక షరతు ఉంది. పెద్ద నష్టం లేకుండా ఏడాదిలోగా సొమ్ము చేసుకోగలిగిందే ఆస్తి. ఇప్పుడు అనంతగిరి వాలులో కాఫీ, మిరియం పెంచుకొనే ఒక గిరిజన కుటుంబపు పిల్లను ఊహించండి. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషను, దాన్ని బిగించిన 1970 నాటి ఒకటో రెగ్యులేషను ప్రకారం ఆ భూమి గిరిజనేతరుడికి పోరాదు. 1997 జులైలో సమత కేసులో సుప్రీంకోర్టు, ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని తీర్పునిచ్చింది. బొర్రా పరిసరాల గనుల లీజులతో మొదలైన పోరాటమది. అదే ఏడు డిసెంబరులో అక్కడ హామీపత్రం అమల్లోకి వచ్చింది. ఒకే సంవత్సరంలో ఒక కాగితం అమ్ముడుపోని భూమిని కాపాడింది, మరొక కాగితం అమ్ముడుపోయేదాన్నే ఆస్తి అన్నది. ఇక అటవీ హక్కుల పట్టా అయితే ఎవరికీ అమ్మరాదు, వారసులకు మాత్రమే చెందుతుంది. ఇల్లు నిలబెట్టే నేల ఆ పత్రంలోని గడిలో దాదాపు ఏమీ కాదు.

దేశాలకు హద్దులుండవద్దనీ, ఖజానా గురించి ఎవరూ ఆలోచించవద్దనీ నా వాదన కాదు. ఓలి మళ్ళీ రావాలనీ కాదు. గోతిలో పడినవారి మనుమలు నేటికీ ఆ కొండల్లో ఉన్నారు. నా మాట ఇంతే. ఓలికి పని చెల్లింది, ధాన్యం చెల్లింది, చుట్టాల సాయం చెల్లింది, వాయిదా చెల్లింది. ఆ వాయిదాలో కూడా ఆలుమగలు కలిసే ఉన్నారు. కొత్త లెక్కల్లో అమెరికా మరొక హామీదారును ఒప్పుకొంటుంది, అది మెచ్చదగిందే. లండన్ లెక్కలో ముందు సొమ్ము, ఆ తరువాతే కాపురం. అది కుదరని ఇళ్ళలో తండ్రిని కంప్యూటరు తెరమీద మాత్రమే చూస్తూ పెరిగే పిల్లల గురించి ఇంగ్లండు బాలల కమిషనరు 2015లో నివేదికే వెలువరించవలసి వచ్చింది. అలాంటి పిల్లలు 15,000 మంది దాకా ఉండవచ్చునని దాని అంచనా.

చివరిగా ఒక్క సంగతి. పైన చెప్పిన 2006 అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షనులో ఒక వాక్యం ఉంది. పెళ్ళయినవారి హక్కును భార్యాభర్తలిద్దరి పేరునా కలిపి నమోదు చేయాలన్నది దాని సారాంశం. అరకు వైపు పాకల్లో ప్లాస్టిక్ సంచిలో చుట్టి దూలానికి దోపుకొన్న అలాంటి పట్టాలు నేను చూశాను. వాటిమీద రెండు పేర్లు ఉన్నాయి. వారిలో ఎవరి ఆదాయమెంతో అడిగే గడి అందులో లేదు.