వైమానిక, నౌకాదళాల సంస్కరణలు – జహీరాబాద్ ప్రాంతం: నేపథ్య వివరాలు

జహీరాబాద్: దేశ వైమానిక, నౌకాదళాల వ్యవస్థలో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన సంస్కరణల ప్రభావం సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ ప్రాంతంపై భూసేకరణ, పరిశ్రమలు, యువత నియామకాల రూపంలో పడుతోంది. ఈ సంస్కరణలలో చట్టరూపం దాల్చినవి ఏవో, ప్రతిపాదన దశలో ఉన్నవి ఏవో స్పష్టపరిచే వివరాలను పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఇందు పొందుపరచడమైనది.

సంస్కరణల నేపథ్యం

1999 కార్గిల్ యుద్ధానంతరం కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పాటైన సమీక్షా సంఘం, త్రివిధ దళాల మధ్య సమన్వయ లోపాలను ప్రభుత్వ దృష్టికి తెచ్చింది. ఆ నివేదికను పరిశీలించిన మంత్రుల బృందం 2001లో చేసిన సిఫార్సుల మేరకు సమీకృత రక్షణ సిబ్బంది ప్రధాన కార్యాలయం, మూడు దళాలు కలిసి పనిచేసే అండమాన్ నికోబార్ కమాండ్ అదే సంవత్సరం ఏర్పడ్డాయి. అయితే మూడు దళాలకూ కలిపి ఒక అధిపతి ఉండాలన్న సిఫార్సు 18 సంవత్సరాల పాటు అమలుకు నోచుకోలేదు. 2019 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పిమ్మట, 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ తొలి త్రివిధ దళాధిపతిగా బాధ్యతలు స్వీకరించారు. రక్షణ శాఖలో సైనిక వ్యవహారాల విభాగం కూడా అప్పుడే నెలకొల్పబడింది.

చట్టరూపం దాల్చిన అంశం

పూర్వం నౌకాదళ అధికారి ఆధ్వర్యంలోని సంయుక్త సంస్థలో వైమానిక దళ సిబ్బంది ఎవరైనా క్రమశిక్షణ ఉల్లంఘించినట్లయితే, చర్య నిమిత్తం వారిని తిరిగి మాతృదళానికి పంపవలసి వచ్చేది. 1950 నాటి సైనిక, వైమానిక దళ చట్టాలు, 1957 నాటి నౌకాదళ చట్టం వేర్వేరుగా ఉండడమే ఇందుకు కారణం. ఇందువలన కాలయాపన, వ్యయం రెండూ తప్పేవి కావు. 2023లో పార్లమెంటు ఆమోదించిన అంతర్ దళ సంస్థల ఆధిపత్య, నియంత్రణ, క్రమశిక్షణ చట్టం 2024 మే 10 నుండి అమలులోకి వచ్చింది. తదనుగుణంగా సంయుక్త సంస్థ అధిపతి తన కింద పనిచేసే మూడు దళాల సిబ్బందిపైనా చర్య తీసుకోవచ్చును. ఆయా దళాల సేవా నిబంధనలు మాత్రం యథాతథంగా కొనసాగుతాయి.

ప్రతిపాదన దశలోని అంశం

మూడు దళాలకూ కలిపి ఉన్న 17 ప్రాంతీయ, క్రియాత్మక కమాండ్‌లను పునర్వ్యవస్థీకరించి, ఒక్కొక్క సరిహద్దుకు లేదా సముద్ర ప్రాంతానికి ఒకే అధిపతి ఉండే థియేటర్ కమాండ్‌లను నెలకొల్పడం సంస్కరణలలో కీలకాంశం. రక్షణ శాఖ 2025ను సంస్కరణల సంవత్సరంగా ప్రకటించింది. అయినప్పటికీ ఈ అంశంపై దళాల మధ్య అభిప్రాయ భేదాలు బహిరంగంగానే వ్యక్తమయ్యాయి. 2025 ఆగస్టులో మౌలో జరిగిన సదస్సులో వైమానిక దళ ప్రధానాధికారి ఎ.పి. సింగ్ తొందరపాటు తగదని సూచించగా, నౌకాదళ ప్రధానాధికారి దినేశ్ కె. త్రిపాఠీ ఈ దిశగా తమ దళం కట్టుబడి ఉన్నదని తెలిపారు.

ఈ భేదానికి వాస్తవమైన కారణం లేకపోలేదు. వైమానిక దళానికి మంజూరైన యుద్ధ విమాన స్క్వాడ్రన్లు 42 కాగా, 2025 సెప్టెంబరు 26న మిగ్-21 విమానాలకు వీడ్కోలు పలికిన అనంతరం సుమారు 29 మాత్రమే మిగిలాయి. ఉన్న కొద్ది విమానాలను కమాండ్‌ల మధ్య పంచినట్లయితే, అవసరమైన చోటికి తక్షణం తరలించే సౌలభ్యం తగ్గగలదన్నది వైమానిక దళ వర్గాల ఆందోళన.

ఉత్పత్తి రంగం

విమానాల కొరత తీర్చే బాధ్యతలో ఈ ప్రాంత పరిశ్రమలకు భాగమున్నది. 83 తేజస్ మార్క్-1ఎ విమానాలకు 2021 ఫిబ్రవరిలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థతో ఒప్పందం కుదిరినప్పటికీ, సరఫరాలో జాప్యం చోటుచేసుకుంది. ఈ విమానపు మధ్యభాగ నిర్మాణాన్ని ప్రైవేటు సంస్థ వెమ్ టెక్నాలజీస్ తొలిసారిగా 2025 మే 30న హైదరాబాద్‌లో అందజేసింది. ఇదే సంస్థ జహీరాబాద్ సమీపంలోని ఎల్గోయిలో 511 ఎకరాలలో తలపెట్టిన సమీకృత రక్షణ వ్యవస్థల కేంద్రానికి 2022 జూన్‌లో శంకుస్థాపన జరిగింది.

జిల్లాలోని ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం సైన్యానికి శకటాలతో పాటు నౌకలపై అమర్చే సీఆర్‌ఎన్-91 తుపాకులను తయారు చేస్తున్నది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు ప్రభుత్వ రంగ సంస్థలుగా విభజించినప్పుడు ఈ కర్మాగారం ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ పరిధిలోకి వచ్చింది. హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ సంస్థకు వైమానిక, నౌకాదళాలు రెండింటి కొరకు అస్త్ర మార్క్-1 క్షిపణుల సరఫరాకై 2022 మేలో రూ. 2,971 కోట్ల ఒప్పందం లభించింది.

నియామకాలు

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద నియమితులయ్యే యువతకు సేవాకాలం నాలుగు సంవత్సరాలు. వారిలో 25 శాతం వరకు శాశ్వత సేవలోకి తీసుకుంటారు. మిగిలినవారు సుమారు రూ. 11.71 లక్షల సేవానిధితో వెలుపలికి వస్తారు. జహీరాబాద్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో కర్ణాటకలోని బీదర్ వైమానిక శిక్షణ స్థావరం, హైదరాబాద్ సమీపాన దుండిగల్ వైమానిక దళ అకాడమీ ఉన్నందున, ఈ సేవల పట్ల స్థానిక యువతకు కొంత పరిచయం ఉన్నది. నాలుగేళ్ల తరువాత వెలుపలికి వచ్చేవారికి ప్రాంతీయ పరిశ్రమలలో అవకాశాలు కల్పించడం అధికారుల దృష్టిలో ఉండవలసిన అంశం.

భూమి – పరిహారం

న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో 12,635 ఎకరాలలో జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి ప్రతిపాదితమైనది. ఇందులో భాగంగా 3,245 ఎకరాలలో రూ. 2,361 కోట్ల వ్యయంతో పారిశ్రామిక ప్రాంత అభివృద్ధికి 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. సాగుభూములు కోల్పోతున్నామని, పరిహారం చాలదని రైతులు అభ్యంతరాలు తెలిపిన విషయం విదితమే. పొరుగు వికారాబాద్ జిల్లా దామగుండంలో 2,900 ఎకరాల అటవీ భూమిలో జలాంతర్గాములతో సంభాషణకు నౌకాదళం నిర్మించనున్న అత్యల్ప పౌనఃపున్య కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. తమిళనాడులోని కట్టబొమ్మన్ కేంద్రం తరువాత దేశంలో ఇది రెండవది. అక్కడ సైతం చెట్ల తొలగింపుపై పర్యావరణవేత్తలు ఆక్షేపణలు తెలిపారు.

గమనించవలసినవి

క్రమశిక్షణ చట్టం అమలులో ఉన్నది. థియేటర్ కమాండ్‌ల ప్రతిపాదనను దానితో కలిపి వ్రాయరాదు. శంకుస్థాపన, భూకేటాయింపు, ఉత్పత్తి ఆరంభం అనేవి వేర్వేరు దశలు. ఒక పరిశ్రమకు సంబంధించిన ఉపాధి అంచనాలను ఉద్ధరించునప్పుడు అది ఏ దశలో ఉన్నదో పేర్కొనడం, నిర్వాసితులకు చెల్లించిన పరిహారాన్ని మంజూరైన పరిహారం నుండి వేరుగా చూపడం ఆవశ్యకం. దేశరక్షణ అవసరం ఎంత వాస్తవమో, అందుకు భూమినిచ్చిన రైతు హక్కు సైతం అంతే వాస్తవమన్నది గమనార్హం.