వరంగల్ ప్రాంత పొలాలలో ఇంధన ఉత్పత్తి

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న, ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. పేడ, నూనెగింజలు, ఎండ వంటి స్థానిక వనరులతో ఇంధనం ఉత్పత్తి చేసి, బొగ్గు, డీజిలు వాడకాన్ని తగ్గించే అవకాశం గల వ్యవసాయ ప్రాంతమిది.

నేపథ్యం

కాకతీయుల కాలం నుండి ఈ ప్రాంతపు సాగుకు చెరువులే ఆధారం. చెరువు నీరు అందని చోట మోటబావులు ఉండేవి. మోట లాగే ఎద్దులకు మేత ఆ పొలంలోని గడ్డే కనుక, నీరు తోడే శక్తి కూడా పొలంలోనే పండేదని చెప్పవచ్చు. తరువాత డీజిలు ఇంజన్లు, ఆపై విద్యుత్ మోటార్లు, బోరుబావులు వచ్చాయి. దానితో పొలానికి కావలసిన శక్తి బయటి నుండి రావడం మొదలైంది.

భూపాలపల్లి సమీపాన చెల్పూరు వద్ద గల కాకతీయ తాప విద్యుత్ కేంద్రంలో 500 మెగావాట్ల మొదటి దశ 2010లో, 600 మెగావాట్ల రెండవ దశ 2016లో ఉత్పత్తి ప్రారంభించాయి. దీనికి ఇంధనం సింగరేణి బొగ్గు. వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004లో మొదలైంది. 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా అమలులోకి వచ్చింది. అంతకు ముందు విడతలవారీ సరఫరా కారణంగా రైతులు అర్ధరాత్రి బావుల వద్దకు వెళ్ళి పాముకాటుకు, విద్యుదాఘాతానికి గురైన సంఘటనలు అనేకం. ఎండ ఉన్నప్పుడే పనిచేసే సౌర విద్యుత్తు పగటి నీటితడులకు సరిగ్గా సరిపోతుంది.

గోబర్ గ్యాస్

రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అనగా నాలుగైదు పశువులు అవసరం. ఒక చిన్న కుటుంబం వంటకు ఆ గ్యాసు చాలుతుంది. మిగిలిన మడ్డి మంచి ఎరువు. 1981-82లో మొదలైన జాతీయ కార్యక్రమం ద్వారా వీటికి రాయితీలు లభించాయి. అయితే ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గడంతో పేడ కరువైంది. 1999లో ప్రారంభమైన దీపం పథకంతో సిలిండర్లు గ్రామాలకు చేరాయి. గోబర్ గ్యాస్ వెనుకబడటానికి సాంకేతిక లోపం కన్నా ఇవే ముఖ్య కారణాలుగా కనిపిస్తాయి.

కానుగ నూనె

ఈ విషయంలో పేరొందిన ఉదాహరణ పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని గోండు గ్రామం పవర్‌గూడ. ఇక్కడి మహిళా సంఘం కానుగ మొక్కలు నాటి, గింజల నుండి నూనె తీసే యంత్రాన్ని నడిపింది. ఈ నూనె డీజిలుకు బదులుగా వాడదగినది. ఆ విధంగా తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు గాను 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే, కానీ ఒక గిరిజన గ్రామం అటువంటి అమ్మకం జరపడం విశేషం. పశువులు మేయని కానుగ గట్ల మీద, బంజరులో పెరుగుతుంది. నూనె తీసిన పిండి ఎరువవుతుంది. వరంగల్ ప్రాంతపు మెట్ట భూములకూ ఇది అనువైన చెట్టే.

సౌర విద్యుత్తు

కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రారంభించిన పీఎం-కుసుమ్ పథకం ప్రకారం రైతులు, రైతు సంఘాలు తమ భూమిలో 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు సౌర కేంద్రం నెలకొల్పి విద్యుత్తును పంపిణీ సంస్థకు అమ్మవచ్చు. భూమి సబ్‌స్టేషనుకు దగ్గరలో ఉండాలి. తెలంగాణలో యూనిట్ ధర 3 రూపాయల 13 పైసలుగా, ఒప్పంద కాలం 25 సంవత్సరాలుగా నిర్ణయించారు. ఒక మెగావాటుకు సుమారు నాలుగు ఎకరాలు కావాలి; ఏడాదికి దాదాపు 15 లక్షల యూనిట్లు వస్తాయి. అంటే రాబడి సుమారు 47 లక్షల రూపాయలు, అప్పు వాయిదాలు, నిర్వహణ ఖర్చులు పోకముందు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. పెట్టుబడి కోట్లలో ఉంటుంది, ఒకటి రెండు ఎకరాల రైతు ఒంటరిగా దీనిని చేపట్టలేడు. సంఘంగా ఏర్పడకపోతే ఈ అవకాశం భూమి, పరపతి ఉన్నవారికే దక్కుతుంది. విద్యుత్తు ఉచితం కనుక సొంత మోటారుకు సౌరపలకలు పెట్టుకున్నా రైతుకు ఆదా ఉండదు. అమ్మకమే అతనికి ఆకర్షణ. బొగ్గు, రాయితీల భారం తగ్గడం వలన లాభం ప్రభుత్వానిది.

అటవీ గ్రామాలలో పరిస్థితి వేరు. మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలోని పోడు భూములలో విద్యుత్ లైను లేని చోట డీజిలు ఇంజనుకు రైతు తన చేతి డబ్బు పెట్టాలి. అటవీ హక్కు పట్టాలు గల గిరిజన రైతులకు సౌర పంపుసెట్లు అందించే ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ప్రారంభించింది. రాష్ట్రవ్యాప్తంగా 2.10 లక్షల రైతులకు చెందిన 6 లక్షల ఎకరాలు దీని లక్ష్యం. పట్టా లేని పోడు రైతులు దీని పరిధిలోకి రారు.