పెట్టె మీద లేని పేరు

లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి మినిక్స్ అనే మరో సిస్టమ్ వాడేవాళ్లకు ఒక సందేశం రాశాడు. ఇది 386 యంత్రం కోసం రాస్తున్నాను, ఏటీ హార్డ్‌డిస్కులు తప్ప మరేవీ దీంతో ఎప్పటికీ పని చేయకపోవచ్చు, నా దగ్గర ఉన్నవి అవే అన్నది అందులోని సారాంశం. హెల్సింకీలో చదువుకుంటున్న 21 ఏళ్ల కుర్రాడి బల్ల మీద ఏముందో, ఆ రోజుకు లైనక్స్‌తో నడిచే హార్డ్‌వేర్ అంతే. తర్వాత అది లోకంలోని నానారకాల యంత్రాల మీదికి పాకింది. ఆ కథలో ప్రోగ్రాములు రాసినవాళ్ల పేర్లు అందరికీ తెలుసు. సొంత డబ్బుతో కార్డు కొని, బిగించి, పని చేసిందో లేదో ఓపిగ్గా రాసి పంపినవాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. విజయవాడలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకున్నన్నాళ్లూ నేను వాళ్ల మాట నమ్ముకునే బతికాను.

వాళ్లు రాసినదంతా ఒకచోట చేరింది లైనక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టులో. 1990ల మధ్యకల్లా అందులో ‘హార్డ్‌వేర్ కంపాటిబిలిటీ హౌటు’ అని ఒక పత్రం ఉండేది. మదర్‌బోర్డులు, వీడియో కార్డులు, స్కజీ కంట్రోలర్లు, నెట్‌వర్క్ కార్డులు, సౌండ్ కార్డులు అన్నీ వరసగా, చివర్లో లైనక్స్‌తో నడవనివాటికి విడిగా ఒక భాగం. ఆ దశాబ్దం చివర్లో పీసీక్వెస్ట్ పత్రికతో పాటు వచ్చిన లైనక్స్ సీడీలోనే హౌటులన్నీ ఉండేవి కాబట్టి ఇంటర్నెట్ లేకపోయినా ఇబ్బంది లేదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద ఆ పత్రం మొత్తం అచ్చు తీసి, ట్యాగు వేసి కట్టుకున్నాను. అన్నిటికన్నా ఎక్కువగా నలిగినవి ఆ చివరి భాగం కాగితాలే. ఏది కొనాలో దుకాణదారు చెప్పగలడు. ఏది కొనకూడదో చెప్పాలంటే దాన్ని కొని నష్టపోయినవాడే చెప్పాలి.

కంపెనీలు నోరు విప్పని కాలం అది. డైమండ్ వీడియో కార్డులే తీసుకోండి. వాటిలోని క్లాక్ చిప్‌ను ఎలా నడపాలో ఆ కంపెనీ బయటపెట్టలేదు. దాంతో లైనక్స్‌కు తెర గీసిపెట్టే ఎక్స్‌ఫ్రీ86 బృందం ఆ కార్డులు కొనవద్దని తన పత్రాల్లోనే రాసింది. తర్వాత డైమండ్ తన పద్ధతి మార్చుకుంది.

కార్డుల కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేదాన్ని. నెట్‌వర్క్ కార్డు చూపించమని అడిగి, పెట్టె పక్కన పెట్టి, కార్డు తిప్పి చిప్ మీది అక్షరాలు చదివేదాన్ని. “ఏ కంపెనీదైతే ఏంటి మేడమ్, అన్నీ నడుస్తాయి” అనేవాడు దుకాణంలో కుర్రాడు. “కంపెనీ సంగతి కాదు బాబూ, లోపల రియల్‌టెక్ 8029 ఉందా, 8139 ఉందా, అది చెప్పు” అనేదాన్ని. ఆ రెండూ దొరికితే నా ల్యాబుకు దిగులు లేదు. వాటికి డ్రైవర్లు రాసిన డొనాల్డ్ బెకర్ నాసా గొడార్డ్ కేంద్రంలో పనిచేసేవాడు. 1994లో అక్కడ థామస్ స్టెర్లింగ్‌తో కలిసి 16 మామూలు 486 పీసీలను ఈథర్‌నెట్‌తో జోడించి బియోవుల్ఫ్ అనే సమూహ కంప్యూటరును కట్టాడు. చవక కార్డులు బాగా నడవడం ఆయనకు ఎంత అవసరమో నాకూ అంతే అవసరం.

నోవెల్ వారి ఎన్‌ఈ2000 నెట్‌వర్క్ కార్డుకు వచ్చినన్ని నకళ్లు మరే కార్డుకూ వచ్చి ఉండవు. కార్డు చిరునామా ఉండే చిన్న మెమరీలో 57, 57 అని రెండు గుర్తులుంటే అది ఎన్‌ఈ2000 అని డ్రైవరు పోల్చుకుంటుంది. చాలామంది నకలుదారులు ఆ గుర్తులు పెట్టనే లేదు. అలాంటి కార్డులు కొన్నవాళ్లు వివరాలు పంపితే, ‘చెడ్డ నకళ్ల జాబితా’ అన్న పేరుతోనే అవి డ్రైవరు కోడ్‌లోకి ఎక్కాయి. గుర్తులు లేకపోయినా, చిరునామాలోని మొదటి మూడు బైట్లు ఆ జాబితాలో ఉంటే డ్రైవరు కార్డును ఒప్పుకుంటుంది. ఒక కంపెనీ అయితే ఆ మూడు బైట్లలో తన పేరులోని మూడు అక్షరాలే పెట్టేసింది! ఎక్కడో ఎవరో రాసి పంపిన నాలుగు ముక్కలు ఇలా లైనక్స్ కెర్నెల్‌లో భాగమైపోవడం నాకు ఇప్పటికీ ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

విన్‌మోడెంల దగ్గర అందరికీ చుక్కలు కనిపించాయి. మోడెం చేయాల్సిన సిగ్నల్ ప్రాసెసింగ్‌ను విండోస్ డ్రైవరు సాయంతో కంప్యూటరు ప్రాసెసర్ మీదికి నెట్టేసిన చవక కార్డులవి. లైనక్స్‌లో మోడెం ఉన్నట్టే ఉంటుంది, ఫోను మాత్రం కలవదు. లూసెంట్, కోనెగ్జంట్, పీసీటెల్ చిప్‌లలో దేనికి ఏ డ్రైవరు పనికొస్తుందో తేల్చడానికి లిన్‌మోడెమ్స్ బృందం ‘స్కాన్‌మోడెం’ అనే స్క్రిప్టు తయారుచేసింది. అది ఇచ్చిన ఫలితాన్ని యథాతథంగా పంపితే చాలు, తెలిసినవాళ్లు చదివి దారి చెప్పేవారు. సీరియల్ పోర్టుకు తగిలించే బయటి మోడెంకు ఈ బాధ లేదు. ఖరీదు ఎక్కువైనా ల్యాబుకు అదే కొనిపించాను.

వైఫై వచ్చాక పెట్టె మీది పేరుకు ఉన్న కాస్త విలువా పోయింది. డీ-లింక్ డీడబ్ల్యూఎల్-జీ122 అనే యూఎస్‌బీ అడాప్టరు బీ1 రివిజన్‌లో ఒక రాలింక్ చిప్, సీ1లో మరో రాలింక్ చిప్, రెంటికీ వేర్వేరు డ్రైవర్లు. ఒకరు “నాకు బ్రహ్మాండంగా నడిచింది” అంటారు, ఇంకొకరు “అసలు నడవలేదు” అంటారు, ఇద్దరి మాటా నిజమే. రివిజన్ రాయని నివేదికను పట్టించుకోవడం అప్పుడే మానేశాను.

పీసీఐ బస్సు వచ్చాక ప్రతి కార్డూ తన తయారీదారు సంఖ్యను, పరికరం సంఖ్యను తానే చెప్పుకుంటుంది. ఇంటెల్‌ది 8086, ఆ కంపెనీ 1978లో తెచ్చిన ప్రాసెసర్ సంఖ్యే. ఆ సంఖ్యల పక్కన మనిషికి అర్థమయ్యే పేర్లు చేర్చిన పట్టికను నడిపించినవాడు చెక్ ప్రోగ్రామరు మార్టిన్ మారెష్. మీ యంత్రంలో పేరు లేని సంఖ్య కనిపిస్తే మీరే పంపవచ్చు.

2007లో ఫెడోరా లైనక్స్ బృందం ‘స్మోల్ట్’ అనే పనిముట్టు తెచ్చింది. వాడేవారు ఒప్పుకుంటే వాళ్ల హార్డ్‌వేర్ వివరాలు దానంతటదే పంపేది. 2012లో దాన్ని ఆపేశారు. ఇప్పుడు హెచ్‌డబ్ల్యూ-ప్రోబ్ ఆ పని చేస్తోంది, సీరియల్ నంబర్ల వంటివి బయటపడకుండా చూసుకుంటుంది కూడా. నేనూ వాడుతున్నాను. ఏ చిప్ ఉంది, ఏ డ్రైవరు తగులుకుంది అన్నవి అది నాకన్నా బాగా చెబుతుంది. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకరు ఆగిందా, ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచాక వైఫై మళ్లీ కలిసిందా అన్నవి మాత్రం మనిషి చూసి రాయాల్సిందే. నా నివేదికలో చిప్ సంఖ్య, రివిజన్, కెర్నెల్ వెర్షన్ రాశాక వెంటనే పని చేయనివి రాస్తాను. పని చేసినవి వాటి కింద.