దస్త్రం నుంచి డిస్కు దాకా

నాచారంలోని మన సంఘం కంప్యూటర్‌కు ఏ డిస్కు కొనాలన్న చర్చ వచ్చింది. సర్వీసంతా రికార్డు రూములో గడిపిన గుమాస్తాగా నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

నేను 1973లో ఉద్యోగంలో చేరేనాటికి రికార్డు అంటే ఎర్రగుడ్డలో కట్టిన దస్త్రమే. దానికి శత్రువులు చెదలు, వాన. అప్పటికే మన పొరుగున, 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. కంప్యూటర్లు తయారు చేస్తూండేది. 1969 నాటి టి.డి.సి.-12 మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటి. ఆ ఉద్యోగుల పక్కనే బస్సులో నిలబడి ప్రయాణించినా, వారి పని ఏమిటో నాకు తెలియదు.

హార్డు డిస్కు ఇంకా పాతది. 1956లో ఐ.బి.ఎం. తెచ్చిన తొలి యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టేది సుమారు 5 మెగాబైట్లు. నేడు సెల్‌ఫోనులో ఒకటి రెండు ఫోటోలకు సరి. నేటికీ సూత్రం అదే. అయస్కాంత పూత గల పళ్లెం నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతుంది. కింద పడితే అంతే సంగతులు.

సాలిడ్ స్టేట్ డిస్కులో తిరిగేది ఏదీ లేదు. 1980లలో తోషిబాలో ఫుజియో మసువోకా రూపొందించిన ఫ్లాష్ చిప్పులే దానికి ఆధారం. వేగం ఎక్కువ, వెలా ఎక్కువే. రెంటికీ రాజీగా సీగేట్ 2010లో 500 గిగాబైట్ల పళ్లేలకు 4 గిగాబైట్ల ఫ్లాష్ జోడించి హైబ్రిడ్ డిస్కు తెచ్చింది. రోజూ చూసే ఫైళ్లు బల్ల మీద, మిగిలినవి బీరువాలో పెట్టే గుమాస్తా పద్ధతే అది. ఫ్లాష్ ధర తగ్గాక దాని అవసరం తగ్గిపోయింది.

ఇక అసలు విషయం. మూడేళ్ల కిందట మన పాత హార్డు డిస్కు ఒక ఉదయం టక్కుటక్కుమని ఆగిపోయింది. సభ్యుల పి.పి.ఓ. నంబర్లన్నీ అందులోనే. అదే నెలలో ఒక మిత్రుడు కాలం చేశారు. ఆ నంబరు దొరకక ఆయన శ్రీమతి కుటుంబ పింఛను కోసం రెండు నెలలు తిరిగారు. నకలు తీయవలసిన బాధ్యత నాది, తీయలేదు.

కావున కంప్యూటర్‌లో 256 గిగాబైట్ల సాలిడ్ స్టేట్ డిస్కు పెట్టిద్దాం. మన జాబితాలకు అది చాలు. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి ఉంచితే అందులోని సమాచారం చెరిగే ప్రమాదముంది కనుక, నకలుకు మామూలు హార్డు డిస్కు కొందాం. దాన్ని ఉప్పల్‌లో ఒక సభ్యుని ఇంట ఉంచుదాం. నాడు దస్త్రాలకు చెదల మందు చల్లేవాళ్లం. నేడు నెలనెలా నకలు తీయాలి. ఈసారి ఆ పని తప్పకుండా నేనే చేస్తాను.