వే బిల్లు నుంచి ఎలక్ట్రానిక్ రికార్డు దాకా: విమాన సరుకు రవాణాలో పత్రవ్యవస్థ పరిణామం

1. ఉపోద్ఘాతం:

సున్నపు బట్టీలకు పేరొందిన పల్నాడు జిల్లా పిడుగురాళ్ల లారీ రవాణాలో ‘వే బిల్లు’ చిరపరిచితమైన మాట. వస్తు సేవల పన్ను వచ్చాక అది ‘ఈ-వే బిల్లు’ అయింది. అంతర్రాష్ట్ర రవాణాకు 2018 ఏప్రిల్ 1 నుంచి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల అంతర్గత రవాణాకు ఏప్రిల్ 15 నుంచి అమలైంది. అది పన్నుల పర్యవేక్షణకు ఉద్దేశించిన పత్రం. విమాన రవాణాలోని ‘ఎయిర్ వేబిల్లు’ అందుకు భిన్నమైనది. సరుకు పంపేవారికీ విమానసంస్థకూ మధ్య కుదిరిన ఒప్పందానికి, సరుకు స్వీకరణకు అది సాక్ష్యం. ఈ పత్రం ఎలక్ట్రానిక్ రూపం పొందిన క్రమంలో పంపేవారి హక్కు ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మూడు ప్రతుల కాలం:

1929 నాటి వార్సా ఒప్పందం ఈ పత్రాన్ని మూడు మూలప్రతులుగా రాయాలని నిర్దేశించింది. ఒకటి విమానసంస్థకు, ఒకటి సరుకు అందుకునేవారికి, మూడవది పంపేవారికి. సరుకు స్వీకరించిన పిమ్మట విమానసంస్థ మూడవ ప్రతిపై సంతకం చేసి పంపేవారి చేతికి ఇవ్వాలి. భారతదేశం 1934 చట్టం ద్వారా ఈ నియమాలను స్వీకరించింది.

తరువాతి దశాబ్దాలలో విమానసంస్థలు ‘కార్గో-ఇంప్’ అనే సంక్షిప్త సందేశాల పద్ధతిలో వివరాలను తంతి మార్గాన పంపుకోసాగాయి. అయినా కాగితం తొలగలేదు. బరువు, పెట్టెల సంఖ్య, చిరునామా వంటి వివరాలనే ఏజెంటు, విమానసంస్థ, కస్టమ్స్ శాఖ వేర్వేరుగా నమోదు చేసేవి. నమోదు చేసిన ప్రతిచోటా పొరపాటుకు అవకాశం ఉండేది. సందేశాలు పంపే సాధనం ఉన్నా, కాగితం లేని ఒప్పందానికి తగిన చట్టబలం లేకపోవడమే ఈ జాప్యానికి ముఖ్య కారణం.

3. చట్టం తెరిచిన దారి:

1999 మాంట్రియల్ ఒప్పందం నాలుగవ అధికరణం కాగితానికి బదులుగా రవాణా వివరాలను భద్రపరిచే ఏ ఇతర సాధనాన్నైనా అనుమతించింది. భారతీయ కస్టమ్స్ ఎలక్ట్రానిక్ వ్యవస్థ 1995లోనే ఢిల్లీలో మొదలైంది. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. మాంట్రియల్ ఒప్పందంలో భారతదేశం చేరినది మాత్రం 2009లో. అంటే యంత్రం ముందు వచ్చింది, చట్టం వెనుక నడిచింది. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం 2013లో బహుపక్ష ఒప్పందాన్ని అమలులోకి తెచ్చింది. దానితో ప్రతి విమానసంస్థతో విడివిడిగా ఒప్పందం చేసుకోవలసిన శ్రమ ఏజెంట్లకు తప్పింది. 2019 జనవరి నుంచి, వీలున్న మార్గాలలో ఎలక్ట్రానిక్ వేబిల్లే సాధారణ నియమమైంది.

4. రసీదు ప్రశ్న:

పాత విధానంలో మూడవ ప్రతి అడగకుండానే పంపేవారికి దక్కేది. కొత్త విధానంలో, పంపేవారు కోరితేనే విమానసంస్థ సరుకు రసీదు ఇవ్వాలి. కాగా, పదవ అధికరణం ప్రకారం తాము ఇచ్చిన వివరాలకే గాక తమ తరఫున ఇతరులు నమోదు చేసిన వివరాలకు కూడా పంపేవారే బాధ్యులు. దారిలో సరుకును నిలిపివేయాలన్నా, వెనక్కు రప్పించాలన్నా పంపేవారి ప్రతినో రసీదునో చూపాలి. మిరప ఎక్కువగా ఓడలలోనే ఎగుమతి అవుతున్నా, త్వరగా చేరవలసిన సరుకును ఏజెంటు ద్వారా విమానంలో పంపే చిన్న వ్యాపారికి ఈ తేడా స్వల్పమైనది కాదు.

5. ముగింపు:

• విమాన రవాణాలో కాగితం నిలిచి ఉండటానికి సాంకేతిక లోపం కన్నా చట్టపరమైన అవసరమే ప్రధాన కారణం.
• వివరాలను ఒక్కసారి నమోదు చేసి అందరూ వినియోగించుకోవడమే నిజమైన సంస్కరణ. ప్రస్తుత ‘వన్ రికార్డ్’ ప్రమాణం ఆ దిశలోని ప్రయత్నమే.
• పత్రం రూపం మారినా పంపేవారి బాధ్యత తగ్గలేదు. సాక్ష్యం మాత్రం అడిగి తీసుకోవలసినదైంది. కోరకుండానే రసీదు అందే ఏర్పాటు ఉన్నప్పుడే ఈ మార్పు ఇరుపక్షాలకూ సమన్యాయం చేస్తుంది.