ధవళేశ్వరం వెళ్తున్నారా? ముందు ఈ కథ వినండి!

రాజమండ్రి ట్రిప్ అనగానే మన లిస్ట్ ఏంటి? పుష్కర ఘాట్, హేవ్‌లాక్ బ్రిడ్జి, పాపికొండలు బోటు, రోజ్‌మిల్క్. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మాత్రం ఒక సెల్ఫీ దిగి వచ్చేస్తాం. ఈరోజు అక్కడ ఒక గంట ఆగుదాం.

కోనసీమ పచ్చదనం చూసి, ఇది ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటాం కదా. కాదండీ. 1832-33లో నందన కరువు వచ్చింది. జనం ఎముకల గూళ్లైపోయారు కాబట్టి డొక్కల కరువు అని కూడా అన్నారు. 1839లో కోరంగి మీద ఉప్పెన విరుచుకుపడింది. విచిత్రం ఏంటంటే, పక్కనే గోదారి! వానాకాలం ఊళ్లు ముంచేది, ఆ నీళ్లన్నీ సముద్రంలో కలిసిపోయేవి. ఎండాకాలం పొలానికి చుక్క ఉండేది కాదు.

ఆర్థర్ కాటన్ చూసింది అదే. ధవళేశ్వరం దగ్గర నది బాగా వెడల్పు, మధ్యలో లంకలు. అందుకే ఒకే గోడ కాకుండా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఆనకట్ట వేశారు. 1847లో మొదలై 1852కి పూర్తయింది. పేరు కాటన్‌ది, రాళ్లు మోసింది మాత్రం వేలమంది మన కూలీలు. వాళ్లను కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్న గారి పేరు కూడా గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు మనం చూసే 175 గేట్ల బ్యారేజీ స్వాతంత్ర్యం వచ్చాక కట్టింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు నీళ్లు ఇక్కడి నుంచే.

దగ్గర్లోనే కాటన్ మ్యూజియం ఉంది. ముందు అది చూసి, తర్వాత బ్యారేజీ మీదకి వెళ్లండి. అప్పుడు ఆ గేట్లు వేరేలా కనిపిస్తాయి.

ఇక అసలు టిప్. జూలై నుంచి సెప్టెంబర్ లోపు వస్తుంటే, బయల్దేరే ముందు ధవళేశ్వరం నీటిమట్టం చూసుకోండి. 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక అంటేనే సుమారు 10 లక్షల క్యూసెక్కులు కిందకి వెళ్తున్నట్టు. 1986 ఆగస్టులో అది 35 లక్షలు దాటింది!

అయితే హెచ్చరిక లేనంత మాత్రాన బోటెక్కేయొచ్చని కాదు. అది లోతట్టు ఊళ్ల కోసం పెట్టిన లెక్క. పైన పాపికొండల మధ్య నది ఇరుకు, అక్కడ వడి వేరు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. లైఫ్ జాకెట్ ఫోటో అయ్యాక తీసేసేది కాదండీ, గట్టు దిగేదాకా ఉండాల్సిందే. బోటులో అందరికీ జాకెట్లు లేవంటే ఎక్కొద్దు. డబ్బులు పోతే పోనీయండి. తాపీగా తిరగాలంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి హాయి.

కరువులో చుక్క ఇవ్వనిదీ, వరదలో ఊళ్లు ముంచిందీ, ఇప్పుడు మన కంచంలో అన్నం పెడుతున్నదీ ఒకటే గోదారి. బ్యారేజీ మీద నిలబడి ఒకసారి పైకి, ఒకసారి కిందకి చూడండి. సెల్ఫీ ఆ తర్వాత. ఉంటానండీ!