కదలిన మందిరము, చెదరిన సంఘము

మనము “చర్చి” అను ఒక్క మాటను కట్టడమునకును, విశ్వాసుల సమూహమునకును వాడుచున్నాము. కాని మన తెలుగు బైబిలులో మందిరము వేరు, సంఘము వేరు. ఈ భేదమును తేటపరచు చరిత్ర యొకటి జర్మనీలోని శాక్సనీ రాష్ట్రమున జరిగినది. దానిని ఇచ్చట పరిశీలింపగోరుచున్నాము.

హోయర్స్‌డోర్ఫ్ అనునది లైప్‌జిగ్ నగరమునకు దక్షిణముననుండిన చిన్న పల్లె. అందలి ఎమ్మాయు దేవాలయము 13వ శతాబ్దపు రాతి కట్టడము. సంస్కరణానంతరము అది లూథరన్ ఆరాధనాస్థలమాయెను. అయితే ఆ పల్లె క్రింద లిగ్నైటు బొగ్గు నిక్షేపములుండెను. గని కొరకు గ్రామమును తొలగించుటకు చేయబడిన శాసనమును 2000లో రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానము కొట్టివేసెను. 2004లో మరియొక శాసనము చేయబడెను. 2005లో న్యాయస్థానము దానిని సమర్థించుటతో సుమారు మూడు వందల మంది గ్రామస్థుల పోరాటము ముగిసెను.

అంతట దేవాలయమునైనను కాపాడవలెనని నిశ్చయింపబడెను. గోడల సందులను గచ్చుతో నింపి, ఉక్కు కట్లు బిగించి, దాదాపు 660 టన్నుల కట్టడమును చెక్కుచెదరకుండ అనేక చక్రముల వాహనముపైకెక్కించిరి. 2007 అక్టోబరు చివరి వారములో అది రెండు నదులను, రైలు పట్టాలను దాటి, 12 కిలోమీటర్ల దూరమందున్న బోర్నా పట్టణమునకు తరలింపబడెను. అక్టోబరు 31న, అనగా సంస్కరణ దినమున, మార్టిన్ లూథర్ పేరిటి కూడలికి చేరెను. 1522 మార్చిలో లూథర్ వార్ట్‌బర్గ్ కోటను విడిచి విట్టెన్‌బర్గునకు మరలుచు, రాజరక్షణ కంటె దేవుని రక్షణయే తనకు చాలునని ఎలెక్టరు ఫ్రెడరిక్‌కు లేఖ వ్రాసినది ఈ బోర్నానుండియే.

రాళ్లు భద్రముగా చేరెను. ప్రజలు మాత్రము వేర్వేరు ఊళ్లకు చెదరిపోయిరి. అరణ్యములో ప్రత్యక్షపు గుడారము కదలినప్పుడు ఇశ్రాయేలు గోత్రములన్నియు దానితో కదలెను. ఇచ్చట గుడారము ఒక దారిని, గోత్రములు పలు దారులను పోయెను. బోర్నాలో ఆ మందిరమునకు క్రొత్త ఆరాధికులు దొరకిరి. అది సంతోషకరమే. అయినను హోయర్స్‌డోర్ఫ్ సంఘము తిరిగి సమకూడినదని చెప్పజాలము.

ఇది మనకు దూరపు కథ కాదు. పోలవరము ముంపు గ్రామములలోను, సింగరేణి ఓపెన్‌కాస్టు గనులకై ఖాళీయైన పల్లెలలోను సంఘములు ఇట్టి పరీక్షనే ఎదుర్కొన్నవి. అట్టి సమయమున మందిరమునకు నష్టపరిహారము రాబట్టుటతో కాపరి పని ముగియదు. ఏ కుటుంబము ఎచ్చటికి పోవుచున్నదో వ్రాసియుంచుట, బాప్తిస్మపు రిజిస్టరును భద్రపరచుట, సమాధుల విషయమై కుటుంబములతో మాటలాడుట, క్రొత్త స్థలమందలి కాపరికి వారిని పేరుపేరున అప్పగించుట మన బాధ్యతయై యున్నవి. కట్టడమును మోయుటకు యంత్రములున్నవి. సంఘమును మోయవలసినవారు కాపరులే.